విటుడు కనబడని వేశ్య కథలు

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనలను నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు రాసిన ఈ నాటకం దాదాపు వందేళ్లు ఊరూరా తిరిగింది, తిరునాళ్లలో తెల్లవార్లూ ఆడింది. పోనుపోను నాటక సమాజాలవాళ్లు అందులో చింతామణి చేత పలికించిన బూతుకు లెక్కలేదు. అయినా వ్యవహారం నిషేధం దాకా వెళ్లింది ఆమె పాత్రను అలా దిగజార్చినందుకు కాదు. ఆమె ఇంటికి వచ్చి సొమ్ము పోగొట్టుకునే సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి. రంగస్థలం మీద ఆ పాత్రను నవ్వులపాలు చేసిన తీరు చూసినవాళ్లు ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేరు. కానీ వేశ్యను వందేళ్లు ఎలా ఆడించినా ఎవరి పరువూ పోలేదు. గడప దాటి వచ్చినవాడి కులం పేరు చెప్పేసరికి పరువు గుర్తొచ్చింది.

సినిమా లెక్క కూడా ఇంచుమించు ఇదే. వేశ్య పాత్ర లేని దశాబ్దం భారతీయ తెరకు లేదు. ఆమె పాడింది, ఆడింది, త్యాగం చేసింది, చచ్చిపోయింది, ఈమధ్య మైకు పట్టుకుని ఉపన్యాసమూ ఇచ్చింది. ఆమెను ఆ గదిలోకి నెట్టినవాళ్లు, డబ్బిచ్చి ఆ గదిలోకి వచ్చినవాళ్లు ఏ మేరకు తెరకెక్కారని అడిగితే మాత్రం జవాబు చిన్నది. విమర్శకులు, స్త్రీవాదులు, రక్షణ సంస్థలు, లైంగిక వృత్తిలో ఉన్నవారి సంఘాలు తలోవైపు లాగడంతో చర్చ బాగా చిక్కుపడింది. ఒకరికి మేలుకొలుపుగా కనిపించిన సినిమా ఇంకొకరికి అవమానంగా కనిపిస్తోంది. ఎవరు ఏమంటున్నారో, ఎక్కడ పీటముడి పడిందో విప్పి చూసే ప్రయత్నం ఇది.

వేదిక దిగి తెరకెక్కినవాళ్లు

1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీసేటప్పుడు దాదాసాహెబ్ ఫాల్కేకు తారామతి వేషానికి స్త్రీ దొరకలేదు. వేశ్యావాటికల్లో వాకబు చేసినా ఫలితం లేకపోయింది. చివరికి సాలుంకే అనే కుర్రవాడు చీర కట్టాడు. మాటల సినిమా వచ్చాక పరిస్థితి మారింది. తెలుగు, తమిళ తెరల తొలితరం నటీమణుల్లో, గాయనుల్లో పలువురు కళావంతుల, దేవదాసీ కుటుంబాల ఆడపడుచులు. వీరేశలింగం కాలం నుంచి సాగిన భోగంమేళాల వ్యతిరేక ఉద్యమం, ఆ తర్వాత 1947లో వచ్చిన మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం ఆ ఇళ్లకు పాత జీవనాధారాన్ని మూసేశాయి. సంగీతం, అభినయం తెలిసినవారికి మిగిలిన కొద్ది దారుల్లో సినిమా ఒకటి. తెరమీద ‘పతిత’ను ఉద్ధరించే కథలు నడుస్తుంటే ఆ తెరకు గొంతూ ముఖమూ ఇచ్చినవాళ్లలో ఆ ఇళ్ల బిడ్డలూ ఉన్నారు. మన సినిమా చరిత్రలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తాయి.

నిజానికి వేశ్య కథకు మనకున్న మొదటి నమూనా చాలా గట్టిది. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో గురజాడ రెండు అమ్మకాలను పక్కపక్కన పెట్టాడు. ఒకవైపు 1800 రూపాయలకు లుబ్ధావధాన్లుకు కట్టబెట్టబోతున్న పసిపిల్ల సుబ్బి, ఇంకోవైపు రామప్పంతులు ఉంచుకున్న మధురవాణి. మొదటిదానికి మంత్రాలున్నాయి, రెండోదానికి లేవు. బేరం రెండింటికీ ఉంది. పైగా మగవాళ్ల బడాయి, భయం, పిసినారితనం అన్నీ మధురవాణి ముందే బట్టబయలవుతాయి. చివర్లో వేశ్యలను దూరం పెట్టిన సౌజన్యారావు పంతులు ఆ వ్రతభంగానికి సిద్ధపడితే ఆయన్ని ఆపేదీ ఆవిడే. 1955లో పి. పుల్లయ్య దీన్ని సినిమాగా తీశారు. సావిత్రి మధురవాణి అయింది. నాటకాన్ని ఎక్కడెక్కడ మార్చారన్న తగువు అప్పుడే మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఏదేమైనా, కొనేవాణ్ని నవ్వులపాలు చేసి కొనబడేదాన్ని నిలబెట్టిన ఆ తూకాన్ని తర్వాత తెలుగు సినిమా అందుకున్న సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. 1956లో వచ్చి 1986లో సవరణలతో పేరు మార్చుకున్న వ్యభిచార నిరోధక చట్టం ప్రకారం వయోజన స్త్రీ తన శరీరాన్ని అమ్ముకోవడం దానికదే నేరం కాదు. ఇల్లు నడపడం, తార్చడం, ఆమె సంపాదన మీద బతకడం, వీధిలో పిలవడం నేరాలు. డబ్బిచ్చి వచ్చేవాడి ప్రస్తావన అందులోనూ అంతంతమాత్రమే.

త్యాగమూర్తుల కాలం

1953 ‘దేవదాసు’లో వేశ్య చంద్రముఖి పాత్ర లలితది. రెండేళ్ల తర్వాత బిమల్ రాయ్ హిందీ ‘దేవదాస్’లో అదే పాత్రకు వైజయంతిమాలకు ఉత్తమ సహాయనటి ఫిలింఫేర్ ప్రకటిస్తే, తనది పార్వతితో సమానమైన పాత్ర అంటూ ఆమె దాన్ని తిరస్కరించింది. పాత్రను ఎక్కడ నిలబెట్టాలన్న వాదం ఒక నటి అప్పుడే లేవదీసిందన్నమాట. చంద్రముఖి అచ్చు చాలాకాలం చెరగలేదు. మనసు బంగారం, ఒళ్లు మలినం. నాయకుణ్ని ప్రేమించవచ్చు, పెళ్లాడకూడదు. ‘ప్రేమాభిషేకం’ (1981)లో జయసుధ పాత్రను ఈ వరసలోనే చెప్పుకోవాలి. గురుదత్ ‘ప్యాసా’ (1957) ఈ అచ్చును కొంత పగలగొట్టింది. కవిని గుర్తించిన ఒకే ఒక్క పాఠకురాలు గులాబో, చివరికి అతని వెంట నడిచేదీ ఆమే. మరుసటి ఏడు బి.ఆర్. చోప్రా ‘సాధన’లో జన్మనిచ్చిన స్త్రీనే అమ్ముకునే మగజాతిని సాహిర్ పాట నేరుగా నిలదీసింది. కానీ కథ మాత్రం ఆమెకు ఒక ఇంటి కోడలిగా అర్హత సంపాదించే పరీక్ష పెట్టింది. పాట సంఘాన్ని బోనెక్కిస్తే కథ ఆమెనే ఎక్కించింది.

తవాయిఫ్‌ల, అంటే ఉత్తరాది ఆటపాటల వేశ్యల, కథల్లో ఈ వైరుధ్యానికి నగలు తొడిగారు. ‘పాకీజా’ (1972)లో కోఠా ఒక స్వప్నలోకం. ముజఫర్ అలీ ‘ఉమ్రావ్ జాన్’ (1981)లోనూ అందం తక్కువేం కాదు, కానీ ఫైజాబాద్ ఘట్టం ఆ అందాన్ని చీలుస్తుంది. తండ్రి మీద కక్షతో ఎత్తుకెళ్లి అమ్మేసిన పిల్ల ఏళ్ల తర్వాత సొంత ఇంటి గుమ్మం తొక్కుతుంది. తల్లి చేతులు చాచబోతుంది. తమ్ముడు అడ్డుపడతాడు. ఆమెను ఎత్తుకెళ్లిన దిలావర్ ఖాన్ కన్నా, గుమ్మంలో పరువు మాట్లాడే ఆ తమ్ముడే ప్రేక్షకుడికి ఎక్కువ గుర్తుంటాడు.

‘శంకరాభరణం’ (1980)ని ఈ చర్చలో ఎవరూ అంతగా తీసుకురారు. తీసుకురావాలి. తులసి భోగం ఇంటి పిల్ల. కన్నతల్లే ఆమెను జమీందారుకు అప్పగిస్తుంది. అత్యాచారం జరుగుతుంది, హత్య జరుగుతుంది, ఆమె బిడ్డ శంకరశాస్త్రికి శిష్యుడవుతాడు. ఇందులో తులసికి దక్కిన గౌరవం చిన్నది కాదు. కానీ నేరంలో పెద్ద వాటా తల్లి మీద పడుతుంది. కూతుర్ని అమ్ముకునే తల్లి, గదమాయించే ‘కంపెనీ’ (వేశ్యాగృహం) యజమానురాలు మన సినిమాకు అలవాటైన విలన్లు. ఆ తల్లిని అంతకుముందు ఎవరు అమ్మారని ఈ కథలు అడగవు.

అమ్మినవాడి ముఖం

ఎవరు అమ్మారని అడిగిన సినిమాలు కొన్ని ఉన్నాయి. అవి ఒక ధోరణిగా స్థిరపడలేదు గానీ చర్చను మార్చింది అవే. ఋత్విక్ ఘటక్ ‘సువర్ణరేఖ’ (1965)లో దేశవిభజన నిలవనీడ లేకుండా చేసిన కుటుంబం. భర్త చనిపోయాక గత్యంతరం లేక సీత మొదటి విటుడి కోసం ఎదురుచూస్తుంది. తాగిన మైకంలో కళ్లజోడు కూడా లేకుండా తలుపు తోసుకుని వచ్చినవాడు ఆమె అన్న ఈశ్వర్. ఆమె కత్తిపీటతో ప్రాణం తీసుకుంటుంది. ఇంత కాకతాళీయం ఉంటుందా అని అప్పట్లోనే విమర్శకులు ముఖం చిట్లించారు. ఘటక్ ఉద్దేశం మాత్రం స్పష్టం: విటుడెవడూ పైనుంచి ఊడిపడడు, ఏదో ఒక ఇంట్లో అన్నగానో తండ్రిగానో ఉంటాడు.

సత్యజిత్ రాయ్ ‘జన అరణ్య’ (1976) అంత కేక పెట్టదు, అందుకే ఇంకా లోతుగా దిగుతుంది. సోమనాథ్ బుద్ధిమంతుడు, బ్రాహ్మల ఇంటి పిల్లాడు, ఆర్డర్లు పట్టి బతికే చిన్న వ్యాపారి. ఒక పెద్ద ఆర్డర్ కావాలంటే అధికారి దగ్గరికి ఒక ఆడపిల్లను తీసుకెళ్లాలి. ఊరంతా తిరిగి చివరికి దొరికిన అమ్మాయి తన స్నేహితుడు సుకుమార్ చెల్లెలు. టాక్సీలో పక్కపక్కనే కూర్చున్నారు. అతను తల వంచుకుని, డబ్బు తీసుకుని వెళ్లిపొమ్మంటాడు. ఆమె ఒప్పుకోదు. పని చేయకుండా డబ్బెందుకు తీసుకుంటానంటుంది. పేరు మార్చుకున్న ఆ అమ్మాయి గొంతులో వణుకు లేదు, వణుకంతా అతనిది. హోటల్ గది తలుపు దాకా ఆమెను దించి వచ్చి, ఆర్డర్ ఖాయమైందని ఇంట్లో తండ్రికి చెబుతాడు. ఆ ముసలాయనకు బరువు దిగినట్టుంటుంది. తార్చడమనే పని చేసేది మెడలో రుమాలు కట్టిన రౌడీ కానక్కరలేదని, ఉద్యోగం దొరకని మంచి కుర్రాడు చాలునని ఇంత నింపాదిగా చెప్పిన భారతీయ సినిమా ఇంకొకటి కనబడదు.

తెలంగాణ గడీల కథ మరోలా ఉంటుంది. అక్కడ బేరమే లేదు, హక్కుంది. ‘మా భూమి’ (1979)లో చంద్రి దొరకు లొంగిపోవలసి రావడం రామయ్య తిరుగుబాటుకు ఒక మలుపు. బి. నర్సింగరావు ‘దాసి’ (1988)కి అదే మొత్తం కథ. దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆడబాప కమలాక్షి నీళ్లు తోడుతుంది, ఊడుస్తుంది, దొర పిలిస్తే వెళుతుంది, చుట్టం వస్తే అతని గదికీ వెళుతుంది. కడుపొస్తే తీయిస్తారు. సినిమాలో పాటలు లేవు, ఏడుపులు లేవు, మాటలు కూడా అరుదే. వైకుంఠం కళాదర్శకత్వం, ఎ.కె. బీర్ ఛాయాగ్రహణం ఆ గడీ గోడలను, వసారాలను, మెట్లను పాత్రలుగా మార్చాయి. అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. వేశ్య అన్న మాట ఈ సినిమాకు అతకదనేవారున్నారు, ఆమెకు పైసా ముట్టలేదు కనుక. బలవంతపు వ్యభిచారాన్ని డబ్బుతోనే కొలిస్తే దేవుడి పేర వదిలిన జోగిని, బసివి, గడీలోని ఆడబాప ఎవరూ ఆ లెక్కలోకి రారు. ఆ కొలతే సరికాదని ‘దాసి’ చూపిస్తుంది.

ఎవరి వాదం వారిది

మొదటిది రక్షణవాదం. వ్యభిచారం మొత్తం హింసే, ఇష్టపడి చేయడమన్నది మాయ, సినిమా ఆ నరకాన్ని చూపించి జనాన్ని కదిలించాలి అంటుంది. కమల్‌హాసన్ ‘మహానది’ (1994)లో కోల్‌కతా వేశ్యావాటిక సోనాగాచి నుంచి తెచ్చుకున్న కూతురు నిద్రలో విటులతో మాట్లాడుతూ కలవరిస్తుంటే తండ్రి విని కుప్పకూలే ఘట్టం ఈ పక్షానికి పెద్ద సాక్ష్యం. నాగేశ్ కుకునూర్ ‘లక్ష్మి’ (2014) ఈ వరసదే. సినిమాకు చట్టాన్ని కదిలించే శక్తి ఉందనడానికి జపాన్‌ను చూపిస్తారు. మిజోగుచి చివరి సినిమా ‘స్ట్రీట్ ఆఫ్ షేమ్’ 1956 మార్చిలో వచ్చింది, అక్కడ వ్యభిచార నిరోధక చట్టం మేలో వచ్చింది. అప్పటికే చట్టసభలో నలుగుతున్న బిల్లును సినిమాయే గట్టెక్కించిందనడం కొంచెం ఎక్కువే గానీ, వేడి పెంచిందనడంలో తప్పులేదు.

రెండోది హక్కులవాదం. కోల్‌కతాలోని దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ, సాంగ్లీలోని వ్యాంప్ వంటి సంఘాల మాట ఇది. మమ్మల్ని రక్షించడానికి వచ్చినవాళ్లే మా బతుకును ఎక్కువ కూల్చారని వాళ్ల ఫిర్యాదు. ఆస్కార్ గెలిచిన ‘బార్న్ ఇంటూ బ్రాథెల్స్’ (2004) మీద అభ్యంతరం ఇదే. సోనాగాచి పిల్లలకు కెమెరాలిచ్చిన విదేశీ వనితను దేవతను చేసి, కన్నతల్లులను నోరుపారేసుకునే ఆడవాళ్లుగా మిగిల్చింది. షోహినీ ఘోష్ ‘టేల్స్ ఆఫ్ ది నైట్ ఫెయిరీస్’ (2002) అదే సోనాగాచిలో ఆ తల్లుల చేతికే మైకు ఇచ్చింది. రెండూ వెంటవెంటనే చూస్తే ఒకే వీధి అని నమ్మడం కష్టం.

మూడో వాదం చూపు గురించి. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం దగ్గర్నుంచి స్త్రీవాద విమర్శ అడుగుతున్నది, కెమెరా ఎవరి కళ్లతో చూస్తోందని. దోపిడీని ఖండించే సినిమా ఆ దోపిడీ దృశ్యాన్నే టికెట్టు కోసం అమ్మితే ఎలా? ‘చాందినీ బార్’ (2001)లో టబు నటన గొప్పదే, కానీ ఆ బార్ పాటలకు హాల్లో ఈలలేసినవాళ్లు బార్లోని కస్టమర్లకన్నా ఎంత దూరంలో ఉన్నట్టు? మన హాస్య సన్నివేశాల్లో వేశ్యలతో ముడిపెట్టిన ఒక ఊరి పేరెత్తగానే హాలంతా నవ్వాలన్న లెక్క కూడా ఈ చూపులో భాగమే.

శ్యామ్ బెనెగల్ ‘మండీ’ (1983)ని ఈ మూడు పక్షాలూ తమదంటాయి. హైదరాబాద్ నేపథ్యంగా నడిచే ఈ కథలో రుక్మిణీబాయి ఇంటిని ఊరు నడిబొడ్డు నుంచి ఖాళీ చేయించాలని సంఘసేవిక పోరాడుతుంది, ఆ స్థలం మీద వ్యాపారికి కన్నుంటుంది. నీతి, రియల్ ఎస్టేట్ చేతులు కలుపుతాయి. ఊరవతలికి తోలేస్తే ఊరే వాళ్లవెంట వస్తుంది. పెళ్లి పేరుతో మోసపోయి వచ్చిన మూగపిల్ల ఫూల్‌మణి కూడా ఆ ఇంట్లోనే ఉంది. నవ్వుల మధ్య ఆ పిల్ల చూపు రుక్మిణీబాయిని ఉత్త అమ్మగా మిగలనివ్వదు. హక్కులవాదులు ఫూల్‌మణిని మరిచిపోతారు, రక్షణవాదులు మిగతా సినిమానంతా మరిచిపోతారు.

నాలుగోది కులం. ఇది అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది, ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదీ ఇదే. జోగినులుగా వదిలినవారిలో అత్యధికులు దళిత స్త్రీలు. తెరమీద మాత్రం ‘పాడైపోయిన’ అమ్మాయి సాధారణంగా మంచి కుటుంబం నుంచి మోసపోయి వచ్చినదే అయివుంటుంది. ఆమె పతనం విషాదం కావాలంటే ఆమె ముందు ఎత్తులో ఉండాలన్నది కథకుల లెక్క. కింద పుట్టి కిందే అమ్ముడైనవారి కథలో ‘పతనం’ లేదు కాబట్టి కథే లేదనుకున్నారు.

తెలుగు తెర, 2010 తర్వాత

క్రిష్ ‘వేదం’ (2010)లో సరోజకు కన్నీటి ఫ్లాష్‌బ్యాక్ లేదు. యజమాని చెర నుంచి బయటపడి, హైదరాబాద్ వెళ్లి సొంత కంపెనీ పెట్టుకోవాలని ఆమె ఆశ. అనుష్క స్థాయి కథానాయిక చేయడంతో పాత్రకు తూకం పెరిగింది. దానికి అవతలి ఒడ్డున ‘నా బంగారు తల్లి’ ఉంది. ప్రజ్వల సంస్థ నడిపే సునీతా కృష్ణన్ నిర్మించి, రాజేశ్ టచ్‌రివర్ తీసిన ఈ సినిమా 2013కు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. కూతురంటే ప్రాణం పెట్టే తండ్రి, ఊళ్లో పెద్దమనిషి, రహస్యంగా ఆడపిల్లలను చేరవేసే బ్రోకర్. ఆ వల తన బిడ్డనే చుట్టుకుంటుంది. రక్షణవాద చిత్రాల్లో తండ్రినే నేరుగా నిందితుడి స్థానంలో కూర్చోబెట్టింది ఇది. తనకు జరిగిందాకా అతనికి నొప్పి తెలియలేదన్న ముగింపు బలమా, బలహీనతా అన్నది వాదించవచ్చు. బిడ్డ తనది కాకపోతే?

‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో మందు షాపులో పనిచేసే గడ్డం అనే కుర్రాడు, ముసుగులోంచి కళ్లు మాత్రమే కనిపించే సలీమాను ప్రేమిస్తాడు. ఏం పని చేస్తుందో తెలిశాకా వెనక్కి తగ్గడు. ఉద్ధరణ గొంతు లేని ఈ ప్రేమ తెలుగులో అరుదు. ఆ పాత్ర చేసిన పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె వైద్యురాలు, సినిమాకు నిర్మాత కూడా. అయినా సలీమాను చివరికి చంపకుండా కథ సాగలేదు. త్యాగమూర్తుల కాలం నుంచి అంటిపెట్టుకున్న జబ్బు మంచి సినిమాలనూ వదల్లేదనిపిస్తుంది. ‘జ్యోతిలక్ష్మి’ (2015) మల్లాది నవలను తీసుకుని పెళ్లి దాకా ధైర్యంగా వెళ్లి, ఆ తర్వాత ఫైట్లలో పడిపోయింది. ఇక ‘శ్యామ్ సింగ రాయ్’ (2021): దేవదాసీ, జోగిని ఆచారాన్ని నిషేధించడానికి 1988లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సివచ్చిన నేల మీద పుట్టిన సినిమా, దేవదాసి కథ కోసం బెంగాల్ దాకా ప్రయాణం చేసింది. దూరపు పాపం చూపించడం తేలిక.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఒకే ప్రశ్నలకు ఈ సినిమాలు ఇచ్చే జవాబుల్లో తేడా తెలుస్తుంది. ఎవరు అమ్మారు? త్యాగకథల్లో విధి, లేదా తల్లి. రక్షణ చిత్రాల్లో ముఠా. ‘దాసి’లో వ్యవస్థ. ‘జన అరణ్య’లో మనలాంటివాడే. ఎవరు కొన్నారు? చాలావాటిలో నీడలా కదిలే ఒక ఆకారం, లేదా కామంతో ఊగే లావుపాటి విలన్. ప్రేమిస్తే మాత్రం విటుడు అప్పటికప్పుడు నాయకుడైపోతాడు, దేవదాసుకు జరిగింది అదే. ఆమెకు చివరికి ఏమైంది? చావు, కాషాయం, పెళ్లి. ఈ మూడింటికి వెలుపల ఉన్న ముగింపులు ‘మండీ’, ‘గంగూబాయి’ వంటి కొద్ది సినిమాలకే దక్కాయి.

‘గంగూబాయి కాఠియావాడి’ (2022)ది విజయగాథ. ప్రియుడు వెయ్యి రూపాయలకు అమ్మేసిన పిల్ల ముంబై వేశ్యావాటిక కామాఠిపురాకు నాయకురాలై ఆజాద్ మైదానంలో మాట్లాడుతుంది. హక్కులవాదం ప్రధాన స్రవంతి సినిమాలోకి ఇంత పెద్ద గొంతుతో రావడం ఇదే మొదలు. అయితే అమ్మినవాడు తొలి అరగంటలో మాయమై మళ్లీ లెక్కకు రాడు. భన్సాలీ సెట్లో ఆ వీధి మరీ అందంగా ఉందన్నది రెండో ఫిర్యాదు. కట్టడం పనులకు తెలుగునేల నుంచి ముంబై వలస వెళ్లిన కామాఠీల పేరే ఆ పేటకు పెట్టారు. ఆ కూలీల చరిత్రకు సినిమాలో చోటు దొరకలేదు.

ఇంకా తేలనివి

బలవంతానికీ ఎంపికకూ మధ్య గీత ఎక్కడన్నది మొదటి చిక్కు. ఆకలితో వచ్చినదాన్ని బలవంతం కిందే లెక్కవేయాలని ఒక పక్షం, అలాగైతే ఇటుక బట్టీలో పనిచేసేదీ బలవంతమే కదా అని మరో పక్షం. ఎంత వాదన విన్నా ‘జన అరణ్య’ టాక్సీలోని అమ్మాయి ఏ పక్షానికి చెందుతుందో తేలదు.

2022 మేలో జస్టిస్ లావు నాగేశ్వరరావు నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, ఈ వృత్తిలో ఉన్నవారినీ గౌరవంగా చూడాలని పోలీసులను ఆదేశించింది. రెయిడ్ల వార్తల్లో వాళ్ల పేర్లు, ముఖాలు బయటపెట్టవద్దని మీడియాకు హద్దు గీసింది. వార్తకు గీసిన ఈ గీత కథాచిత్రానికి ఎంతవరకు వర్తిస్తుంది? నిజజీవిత కథ అని ప్రచారం చేసుకునే సినిమా ఎవరి అనుమతి తీసుకోవాలి? గంగూబాయి వారసులమంటూ వచ్చినవారు కోర్టుకెక్కినా సినిమా ఆగలేదు. రక్షణ గృహాల్లో ఉన్న అమ్మాయిల అనుభవాలతో అల్లే స్క్రిప్టుల్లో వాళ్లకు పారితోషికం ఉంటుందా, పేరు పడుతుందా, అసలు పేరు పడాలని వాళ్లు కోరుకుంటారా అన్నవి ఇంకా ఎవరూ పద్ధతిగా చర్చకు పెట్టని విషయాలు.

కేరళలో ఒక దారి కనబడుతోంది. లైంగిక వృత్తిలో తన జీవితం గురించి తానే 2005లో ఆత్మకథ రాసిన నళినీ జమీలా, డాక్యుమెంటరీలూ తీసింది. ‘భారతపుళ’ సినిమాలో వేశ్య పాత్రకు వేయాల్సిన బట్టలు ఎలా ఉండాలో ఆమెనే నిర్ణయించమన్నారు. 2021లో ప్రకటించిన కేరళ రాష్ట్ర పురస్కారాల్లో ఆమె వస్త్రాలంకరణకు ప్రత్యేక ప్రస్తావన దక్కింది. తెలుగులో ఇప్పటివరకు ఆ పాత్ర చీర రంగు, మల్లెపూల మూరలు, బొట్టు సైజు అన్నీ ఆ వీధి ఎరగనివాళ్లే తేల్చారు. విటుడి బట్టల గురించి ఎవరూ తలపట్టుకున్న దాఖలా లేదు.